స్టాఫ్‌రూంలో గెలవని ఆలోచన తరగతి గదిలో నిలవదు

ప్రతి విద్యా సంవత్సరం ప్రధానోపాధ్యాయుల బల్ల మీదికి ఏదో ఒక కొత్త ఆలోచన వచ్చి చేరుతూనే ఉంటుంది. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి ‘తొలిమెట్టు’ వచ్చింది. అదే విద్యా సంవత్సరంలో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి అందాయి. అంతకుముందు 2016లో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఈ పథకాల మంచిచెడ్డలపై ఎంతో చర్చ జరిగింది, ఇంకా జరగాలి. కాని ఆ చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోని గది ఒకటుంది. అది ఉపాధ్యాయులు కూర్చునే స్టాఫ్‌రూం. సచివాలయంలో పుట్టిన ఆలోచన అయినా, మన సముదాయ పెద్దలు సభలో చేసిన తీర్మానం అయినా, చివరకు బతికేదీ చచ్చేదీ అక్కడే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో మన పిల్లలు చదివే బడులు ఒక రకంవి కావు. ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలలున్నాయి. ఉర్దూ మాధ్యమ బడులున్నాయి. మైనారిటీ గురుకులాలున్నాయి. గల్లీల్లో రెండు మూడు గదులలో మనవాళ్లే నడుపుకొనే చిన్న ప్రైవేటు బడులున్నాయి. ఇన్ని రకాల బడులకూ ఉమ్మడిగా ఉన్న సమస్య ఒక్కటే: పైనుంచి చెప్పే మాట కింద పని చేసేవారి మాటగా మారడం లేదు. సర్క్యులర్ వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందరూ చూసినట్టు గుర్తు పెడతారు. రిజిస్టరులో నింపుతారు. తరగతి గది మాత్రం నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది.

బడి నాయకత్వం తన ఆలోచనను సిబ్బందికి ఎలా చెప్పాలి, వారి మద్దతును ఎలా సంపాదించాలి అన్నది విద్యాశాఖ శిక్షణ తరగతులకు పరిమితమైన విషయమని కొందరు అనుకోవచ్చు. హక్కుల కోసం పనిచేసే పత్రికకు దీనితో ఏమి పని అని అడగవచ్చు. మా దృష్టిలో ఇది హక్కుల ప్రశ్నే. చట్టంలో ఉన్న హక్కు పిల్లవాడి దాకా నడిచి రావాలంటే దానిని మోసుకొచ్చే మనుషులు కావాలి. ఆ మనుషులు ఉపాధ్యాయులు. వారు మనసు పెట్టకపోతే హక్కు కాగితం మీదే ఆగిపోతుంది.

మనకు ఇది ఎందుకు ప్రాణసంకటం

ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై ఐదుగురు అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006 నవంబరులో సచార్ కమిటీ తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత బడుల సంఖ్య పెరిగింది, చేరికలూ పెరిగాయి. అయినా మన మూడు పట్టణాల వీధుల్లో నడిచే ఎవరికైనా మిగిలిన పని కనిపిస్తూనే ఉంటుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి వెంట మెకానిక్ షెడ్లలో, టైర్ల దుకాణాల్లో, వెల్డింగ్ షాపుల్లో ఎనిమిదో తరగతి వయసు కుర్రవాళ్లు ఉన్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ పని చేసే తండ్రికి ఒంట్లో బాగాలేనప్పుడు బడి మానేసి ఇంటికి ఆసరా అయ్యే పిల్లలున్నారు. పదో తరగతి కాగానే ఇక చాలనిపించుకొనే ఆడపిల్లలు ఉన్నారు.

ఇక్కడ మన సంఖ్యాబలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో ముస్లింలు సుమారు 12.7 శాతం. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మాత్రం అయిదు శాతం చుట్టుపక్కలే. హైదరాబాద్ పాతబస్తీ పరిస్థితి వేరు, మన పరిస్థితి వేరు. మన పిల్లలకు పాఠం చెప్పేవారిలో అత్యధికులు ముస్లిమేతరులు. అందువల్ల ఈ పట్టణాల్లో మన పిల్లల చదువు బాగుపడడమంటే, మనది కాని ఇంట్లో పుట్టిన ఒక టీచరమ్మ, ఒక లెక్కల సారు ‘ఈ పిల్లవాడు నావాడు’ అనుకోవడం. ఆ భావాన్ని ఉత్తర్వు పుట్టించలేదు. బడి పెద్ద పుట్టించగలడు.

సిబ్బంది ఎందుకు వెనుకాడతారు

కొత్త మాట చెప్పగానే స్టాఫ్‌రూంలో మౌనం ఆవరిస్తుంది. ఆ మౌనాన్ని చాలామంది ప్రధానోపాధ్యాయులు సోమరితనమని, మరికొందరు మన కార్యకర్తలు ద్వేషమని అర్థం చేసుకుంటారు. రెండూ తొందరపాటే. ఆ మౌనం వెనుక సాధారణంగా నాలుగు కారణాలుంటాయి.

మొదటిది భారం. పాఠం చెప్పే పనికి తోడు మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ నమోదులు, సర్వేలు, ఎన్నికల విధులు ఉపాధ్యాయుడి మీదే పడతాయి. కొత్త ఆలోచన అనగానే అతని చెవికి ‘మరో రిజిస్టరు’ అని వినబడుతుంది. రెండోది అనుభవం. ఎన్నో పథకాలు ఆర్భాటంగా వచ్చి, రెండేళ్లలో పేరు మార్చుకొని వెళ్లిపోవడం వారు చూశారు. ఇదీ అలాగే పోతుందిలే అన్న నిర్లిప్తత అందులోంచి పుట్టిందే. మూడోది భయం. ఫలితం రాకపోతే నింద ఎవరి మీద పడుతుంది? తన తరగతి వెనుకబడిందని అందరి ముందూ చెప్పించుకోవలసి వస్తుందా? ముఖ్యంగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసేవారికి ఈ భయం ఎక్కువ. నాలుగోది పరాయితనం. ఆలోచన చేసేటప్పుడు అడగలేదు, అమలు చేసేటప్పుడు మాత్రం పిలిచారు అన్న చిన్నబుచ్చుకోవడం.

పక్షపాతం అసలే లేదని మేము చెప్పడం లేదు. ఉన్నచోట దానిని ఎదిరించాలి. దాని గురించి ముందు చెబుతాము. కాని అలసటను పక్షపాతమని పిలిచిన రోజున మనకు మిత్రుడు కావలసిన మనిషిని దూరం చేసుకుంటాము. ఏది అలసట, ఏది పక్షపాతం అని తేల్చుకోవడానికి ఉన్న మార్గం ఒక్కటే: ఆ మనిషిని కూర్చోబెట్టి అడగడం, చెప్పింది చివరిదాకా వినడం.

ఒకే మాట, రెండు దారులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోదాడ వంటి పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి కుర్రవాళ్లు వారానికి రెండు మూడు రోజులు రావడం లేదనుకుందాం. ప్రధానోపాధ్యాయుడు ఒక ఆలోచన చేశారు: వరుసగా మూడు రోజులు రాని పిల్లవాడి ఇంటికి నాలుగో రోజు బడి నుంచి ఎవరో ఒకరు వెళ్లాలి.

మొదటి దారి మనందరికీ తెలిసిందే. సోమవారం ప్రార్థన అయిపోగానే అందరినీ నిలబెట్టి, ‘హాజరు పడిపోతోంది, పై అధికారులు అడుగుతున్నారు, ఇకనుంచి క్లాస్ టీచర్లు ఇళ్లకు వెళ్లాలి, వెళ్లినట్టు ఫొటో పంపాలి’ అని చెప్పడం. రెండు వారాలు ఫొటోలు వస్తాయి. మూడో వారానికి పాత ఫొటోలే తిరిగి వస్తాయి. నాలుగో వారానికి ఆయనా అడగడం మానేస్తారు. బడి మానేసిన పిల్లవాడు షెడ్డులోనే ఉంటాడు.

రెండో దారిలో ఆయన సమావేశం పెట్టడానికి ముందు వారం రోజులు మాట్లాడకుండా పని చేస్తారు. హాజరు పట్టీ తీసి, రాని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటారు. శాతాలు కాదు, పేర్లు. తానే ఇద్దరు పిల్లల ఇళ్లకు వెళ్లి వస్తారు. ఆ తర్వాత అందరినీ కాక ఒక్కొక్కరినే కలుస్తారు. అందరికంటే ముందు కలిసేది తనను పొగిడేవారిని కాదు, అభ్యంతరం చెప్పే సీనియర్ ఉపాధ్యాయుడిని. ‘సార్, ఈ పదకొండు మంది రావడం లేదు. నేను ఇద్దరి ఇళ్లకు వెళ్లాను. మీరు ఇక్కడ ఎన్నో ఏళ్ల నుంచి ఉన్నారు. ఏం చేస్తే బాగుంటుందంటారు?’ అని అడుగుతారు. ఆ సీనియరు ‘ఇళ్లకు వెళ్లడం మా వల్ల కాదండీ, సాయంత్రం బస్సు పోతే ఊరు చేరలేం’ అంటారు. అది సాకు కాదు, వాస్తవం. అప్పుడు ఆలోచన మారుతుంది. పట్టణంలో ఉండే ఇద్దరు ఉపాధ్యాయులు ఇళ్లకు వెళ్లేట్టు, బస్సుల్లో వచ్చేవారు ఫోను చేసే పని తీసుకొనేట్టు, వెళ్లేవారికి ఆ రోజు చివరి పీరియడు ఖాళీ ఇచ్చేట్టు, ఆ పీరియడును ప్రధానోపాధ్యాయుడే తీసుకొనేట్టు కుదురుతుంది.

ఈ దారిలో సమావేశం చివరన వస్తుంది. అప్పటికి అందరూ ఆ ఆలోచనకు ఏదో ఒకటి చేర్చి ఉంటారు. అది ప్రధానోపాధ్యాయుడి పథకం కాకుండా బడి పథకం అయి ఉంటుంది. ఆ సమావేశంలో ఆయన చెప్పవలసినవి మూడే: ఏ పిల్లల కోసం చేస్తున్నాము, ఆరు వారాలు మాత్రమే చేసి చూస్తాము, ఇందుకోసం ఏ పని తగ్గిస్తున్నాము. ఈ మూడో మాటే అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్త పని ఇచ్చేటప్పుడు పాత పని ఒకటి తీసివేయని నాయకుడి మాటను సిబ్బంది నమ్మరు. తీసివేయడానికి తనకు అధికారం లేని పనులు చాలా ఉండవచ్చు. అయినా రెండు చోట్ల రాసే రిజిస్టరును ఒకచోట రాయించడం, అనవసరమైన సమావేశాన్ని రద్దు చేయడం ఆయన చేతిలో పనులే.

ఆరు వారాల తర్వాత పదకొండు మందిలో నలుగురే తిరిగి వచ్చారనుకుందాం. ఆ నలుగురి పేర్లు చదివి, ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో చెప్పి, ఘనత వారికి ఇవ్వాలి. రాని ఏడుగురి సంగతి దాచకుండా చెప్పి, ఇంకేం చేద్దామని అడగాలి. ఫలితాన్ని పెంచి చెప్పిన నాయకుడిని స్టాఫ్‌రూం మళ్లీ నమ్మదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవారికి రెండో అవకాశం ఇస్తుంది.

మన చరిత్రలో ఉన్న పాఠాలు

ఇది కొత్తగా ఎక్కడి నుంచో తెచ్చుకోవలసిన విద్య కాదు. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ జర్మనీలో చదువు ముగించుకొని 1926లో జామియా మిల్లియా ఇస్లామియా పగ్గాలు చేపట్టారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 1920లో అలీగఢ్‌లో పుట్టి, 1925లో ఢిల్లీకి తరలిన ఆ సంస్థ అప్పుల్లో ఉంది. పెద్దదిక్కుగా ఉన్న హకీం అజ్మల్ ఖాన్ 1927 చివరలో కన్నుమూశారు. మూసివేయడమే మేలన్న మాటలూ వినవచ్చాయి. ఆ స్థితిలో ఉపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్లు జామియాలోనే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోబోమని ప్రతిజ్ఞ చేశారు. వారిలో విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదివినవారు ఉన్నారు. జాకిర్ హుసేన్ కూడా అదే ప్రతిజ్ఞకు కట్టుబడి 1948 వరకు ఆ సంస్థను నడిపారు. తర్వాత ఆయన దేశానికి రాష్ట్రపతి అయ్యారు.

ఈ ఘట్టం నుంచి ఉపాధ్యాయులు తక్కువ జీతానికి పనిచేయాలన్న పాఠం తీసుకుంటే అది అన్యాయమే. నేర్చుకోవలసింది వేరు. అక్కడ త్యాగాన్ని ఎవరూ ఎవరి మీదా రుద్దలేదు. నాయకుడు అడిగిన దానిని తానే ముందు చేశాడు. ఖజానా పరిస్థితి సిబ్బందికి తెలుసు. సంస్థ తమదే అన్న భావం వారికి ఉంది, నడపడంలో వాటా ఉంది. ఈ మూడూ ఉన్నచోట మనుషులు ఆజ్ఞ లేకుండానే కదులుతారు.

బేగం రుకయ్యా సఖావత్ హుసేన్ 1911లో కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో బడి పెట్టారు. పర్దా పోతుందన్న భయంతో తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపేవారు కారు. ఆమె వారిని వెక్కిరించలేదు, పర్దా కట్టిన బండి ఏర్పాటు చేశారు. ఆ బండి ఎంత మూసుకుపోయి ఉండేదంటే లోపల గాలి ఆడక పిల్లలు సొమ్మసిల్లారు. గాలి కోసం తెరలు కట్టిస్తే, తెర గాలికి ఎగురుతోందని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఈ సంగతులు ఆమే రాసిపెట్టారు. ఒక అభ్యంతరాన్ని తీరిస్తే ఇంకొకటి పుడుతుంది. దానికీ ఓపికగా జవాబు వెతకాలి. ఒప్పించడం ఒక్క ఉపన్యాసంతో అయిపోయే పని కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అవసరం లేదు.

మన ఇళ్లలో పెళ్లి కుదిరినా, ఇల్లు కొన్నా ‘మష్వరా’ చేద్దామంటాము. నలుగురిని కూర్చోబెట్టి అడగడం బలహీనత కాదని, అది పెద్దరికమని మనకు తెలుసు. ఇంట్లో పాటించే ఆ పద్ధతి మనం నడిపే బడిలో ఎందుకు కనిపించదన్నది ఆలోచించవలసిన విషయం.

భాష అనే గోడ

మన ప్రాంతపు ప్రత్యేక చిక్కు ఒకటుంది. మన పిల్లల్లో కొందరు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. దూదేకుల కుటుంబాల్లో, ఇంకా ఎన్నో పల్లె కుటుంబాల్లో తెలుగే ఇంటి భాష. పుస్తకం ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఉంది. ఉపాధ్యాయుడు వివరించేది ఎక్కువగా తెలుగులో. మూడు భాషల మధ్య నలిగిన పిల్లవాడు మాట్లాడడం మానేస్తాడు. మాట్లాడని పిల్లవాడిని మొద్దు అనుకోవడం సులభం.

ఇక్కడ బడి నాయకుడు చేయగల పని ఉంది. ఉర్దూ ఉపాధ్యాయుడిని ఒక పీరియడుకు పరిమితం చేసి మూలన కూర్చోబెట్టకుండా, మిగతా సిబ్బందికి సహాయకుడిగా ముందుకు తేవచ్చు. లెక్కల్లో, విజ్ఞానశాస్త్రంలో వచ్చే యాభై ముఖ్యమైన మాటలను ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూల్లో గోడ మీద రాయించవచ్చు. ఇదే పనిని ‘ముస్లిం పిల్లల కోసం’ అని ప్రకటిస్తే కొందరు ముఖం తిప్పుకోవచ్చు. ‘తరగతిలో నోరు విప్పని పిల్లలందరి కోసం’ అని చెబితే లంబాడా పిల్లవాడికీ అదే మేలు జరుగుతుందని సిబ్బందికి అర్థమవుతుంది. ఇది మాటల గారడీ కాదు. నిజంగానే సమస్య అందరిదీ. నిజాన్ని దాని పూర్తి వెడల్పుతో చెప్పడమే మద్దతు సంపాదించే మార్గం.

రంజాన్ మాసం ఇంకో ఉదాహరణ. ముస్లిం ఉద్యోగులు సాయంత్రం ఒక గంట ముందుగా వెళ్లేందుకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇస్తూ వస్తోంది. ఆ గంటలో తరగతి ఎవరు చూడాలన్నది ముందుగా మాట్లాడుకోని బడిలో ఆ హక్కు తోటివారి గొణుగుడుగా మారుతుంది. నెల మొదలయ్యే ముందే కూర్చొని టైంటేబుల్ మార్చుకొన్న బడిలో, ఉదయపు పనులు రోజాదారులు తీసుకొని సాయంత్రపు పీరియడ్లు తోటివారు తీసుకుంటారు. బతుకమ్మకో సంక్రాంతికో ఆ సాయం తిరిగి చెల్లుతుంది. హక్కు అదే, అనుమతి అదే. మాట్లాడిన తీరులోనే తేడా ఉంది.

గురుకులాలు, మన సొంత బడులు

మైనారిటీ గురుకులాలు 2016 జూన్‌లో 71 పాఠశాలలతో మొదలై 204కు చేరాయి. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, 25 శాతం ఇతరులకు. పగటి బడికంటే గురుకులంలో నాయకత్వం బరువైనది. పిల్లలు రాత్రింబగళ్లు అక్కడే ఉంటారు. పాఠం, భోజనం, ఆరోగ్యం, నమాజు వేళ, పిల్లవాడి బెంగ — అన్నీ సిబ్బంది బాధ్యతే. అలాంటి చోట రాత్రి విధులు ఎవరికి ఎన్నిసార్లు పడుతున్నాయన్నది గోడ మీద అందరికీ కనిపించేలా రాసి పెట్టడం వంద ఉపన్యాసాలకంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. చిన్న పిల్లలున్న ఉపాధ్యాయినుల ఇబ్బంది అడగకుండానే గుర్తించిన ప్రిన్సిపాలు, రేపు ఒక కొత్త పని అడిగితే కాదనేవారు తక్కువ.

మన సముదాయమే నడిపే ప్రైవేటు బడుల గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు లేదని సుప్రీంకోర్టు 1958లోనే కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో స్పష్టం చేసింది. జీతం నెలలు ఆపి, నియామక పత్రం ఇవ్వకుండా, ‘కౌమ్ సేవ’ పేరుతో పని చేయించుకొని, తర్వాత సిబ్బంది సహకరించడం లేదని బాధపడే యాజమాన్యానికి ఆ బాధ పడే హక్కు లేదు. సమయానికి ఇచ్చే జీతం కూడా ఒక సందేశమే. ‘మీ పనికి మేము విలువ ఇస్తున్నాము’ అని అది నెలకోసారి చెబుతుంది. ఆ బడుల్లో ఎక్కువమంది ఉపాధ్యాయులు మన ఇళ్ల ఆడపిల్లలే అన్నది మరిచిపోరాదు.

ఒప్పించడం ఎక్కడ ఆగాలి

అన్ని విషయాలూ చర్చకు పెట్టవలసినవి కావు. పిల్లవాడిని కొట్టడం, మానసికంగా హింసించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మతం పేరుతో, కులం పేరుతో, తినే తిండి పేరుతో, వేసుకొనే బట్ట పేరుతో పిల్లలను అవమానించడం సిబ్బంది ఓటుకు పెట్టే అంశం కాదు. అక్కడ ప్రధానోపాధ్యాయుడు స్పష్టంగా ‘ఇది ఈ బడిలో జరగదు’ అని చెప్పాలి, రాతపూర్వకంగా చర్య తీసుకోవాలి. బడి వాతావరణం చెడుతుందని దానిని మెత్తగా సర్దేసే నాయకుడు ఒప్పించే నాయకుడు కాడు, తప్పించుకొనే నాయకుడు.

హక్కు విషయంలో గట్టిగా ఉండడం, పద్ధతి విషయంలో వినగలగడం — ఈ రెండూ ఒకే మనిషిలో ఉండాలి. పిల్లలందరూ చదవగలగాలి అన్నది చర్చకు లేదు. ఎలా నేర్పుదాము, ఎప్పుడు నేర్పుదాము, ఎవరు ఏం చేద్దాము అన్నది పూర్తిగా చర్చకు ఉంది. ఈ గీత ఎక్కడుందో సిబ్బందికి ముందుగానే తెలిస్తే వారు నిశ్చింతగా మాట్లాడతారు.

తల్లిదండ్రులు, కార్యకర్తలు చేయవలసినది

మన వంతు కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మన రాష్ట్రంలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఈ కమిటీల్లో మన తల్లులు ఎంతమంది ఉన్నారు? ఉన్నవారు మాట్లాడుతున్నారా, వేలిముద్రలు మాత్రమే వేస్తున్నారా? ఇవి మన మొహల్లాల్లో అడగవలసిన ప్రశ్నలు.

మనం బడికి ఎప్పుడు వెళతామన్నది కూడా చూసుకోవాలి. గొడవ జరిగినప్పుడే వెళితే మన మొహం చూడగానే సిబ్బంది రక్షణలో పడతారు. పిల్లవాడి ఇంటికి వచ్చి, వాడిని షెడ్డు నుంచి తిరిగి బడికి తెచ్చిన ఉపాధ్యాయుడికి జుమా తర్వాత నలుగురు వెళ్లి కృతజ్ఞత చెబితే, ఆ బడిలో వచ్చే మార్పు ఏ వినతిపత్రంతోనూ రాదు. అలాగే ప్రధానోపాధ్యాయుడిని పక్కన పెట్టి, నాయకుల చేత ఫోను చేయించి పని చేయించుకొనే అలవాటు మానుకోవాలి. ఆ ఫోను ఒక పని చేయిస్తుంది, కాని సిబ్బంది ముందు బడి పెద్ద మాటకు విలువ లేకుండా చేస్తుంది. తన మాటకు విలువ లేని పెద్ద మన పిల్లల కోసం ఎవరినీ ఒప్పించలేడు.

ఇక మా ప్రతిపాదన. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక్కో రోజు సమావేశాలు జరగాలి. మన పిల్లలు ఎక్కువగా చదివే ప్రభుత్వ, గురుకుల, ప్రైవేటు బడుల ప్రధానోపాధ్యాయులను, బడికి ఇద్దరు ఉపాధ్యాయులను, ఇద్దరు తల్లులను పిలవాలి. వేదిక, సన్మానాలు, శాలువాలు వద్దు. ప్రతి బడీ ఒక్క ఆలోచనే తీసుకోవాలి: రాని పిల్లల ఇళ్లకు వెళ్లడం కావచ్చు, చదవలేని పిల్లలకు రోజుకు అరగంట కావచ్చు, పది పాసైన ఆడపిల్లల పేర్లు రాసుకొని ఇంటర్లో చేరేదాకా వెంట ఉండడం కావచ్చు. దానికి ఎదురయ్యే అభ్యంతరాలను ఉపాధ్యాయులే చెప్పాలి. వాటికి జవాబు వెతికిన తర్వాతే పని మొదలు కావాలి. ఆరు వారాల తర్వాత మళ్లీ కూర్చొని ఎందరు పిల్లలు తిరిగి వచ్చారో పేర్లతో సహా చెప్పుకోవాలి.

ఇందుకు ప్రభుత్వ నిధులు అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, యువజన సంఘాలు కలిస్తే సరిపోతుంది. మన హక్కుల కోసం కలెక్టరేటు ముందు నిలబడడం మనకు అలవాటే, అది కొనసాగాలి. దానితో పాటు స్టాఫ్‌రూం తలుపు తట్టి, లోపల కూర్చొని, వారు చెప్పేది వినే పని కూడా మొదలుపెట్టాలి. ఎనిమిదో తరగతి హాజరు పట్టీలో ఖాళీగా ఉన్న గడులు మళ్లీ నిండడానికి దగ్గరి దారి అదే.